కొల్లేట్లో నిద్రపోని సెన్సర్

విజయవాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఆ ఏడాది కొల్లేటి నీటిమట్టం కొలవడానికి, నేనూ నా దగ్గర పీహెచ్‌డీ చేసే అమ్మాయీ సరస్సులో అక్కడక్కడా ఇనప గొట్టాలు పాతించి, వాటి తలకి సెన్సర్లు బిగించాం. ఒకదాని మెసేజ్ ఇంకొకటి అందుకుని గట్టుకు చేరుస్తుంది. ఉన్నదల్లా చిన్న బ్యాటరీ. మెసేజ్ పంపడానికే దాని శక్తంతా ఖర్చయ్యేది. అందుకని పొద్దున ఒక్కసారి లేచి, మట్టం ఎంతో చెప్పి, మళ్లీ పడుకునేలా ప్రోగ్రాం రాశాం. ఎవరైనా ఊడబీకితే తెలియాలని, గొట్టం కదిలినప్పుడు మాత్రం లేచి చెప్పమన్నాం.

వానలు పట్టిన ఒక రోజు క్లాసు ముగించుకుని వచ్చేసరికి ఆ అమ్మాయి లాప్‌టాప్ ముందు కంగారుగా ఉంది.

"మేడం, అన్నిటికన్నా లోపలున్నది ఆగకుండా పంపుతోంది. కదులుతున్నాననే."

"గాలేమో."

"గాలైతే పక్కవి కూడా కదలాలి కదండీ! ఇలాగైతే దాని బ్యాటరీ అయిపోతుంది."

దొంగలే అనుకుని కారు తీశాం. హనుమాన్ జంక్షన్ దాటుతుండగా మెసేజ్‌లు ఆగిపోయాయి. "పీకేశారు," అన్నాను, ఒళ్లు మండిపోయి.

సరస్సు గట్టున, మమ్మల్ని ఎప్పుడూ తిప్పే దోనె ఆయన "ఈ గాల్లో రేపెళ్దామండీ" అన్నాడు. నేనే పట్టుబట్టాను. గుర్రపుడెక్క తోసుకుంటూ దగ్గరికెళ్లేసరికి గొట్టం ఉన్నచోటే ఉంది; అయిపోయింది బ్యాటరీ. దాన్ని రెండు చేతులతో వాటేసుకుని, గడ్డం దాకా నీళ్లలో ఒక మనిషి.

"అక్కా!" దోనె ఆయన కేక పెట్టాడు.

ఆయన సొంత అక్కే, అవతలి ఊళ్లో ఉంటుంది. పొద్దున వల ఎత్తడానికి వస్తే గాలికి దోనె బోల్తా పడిందని తర్వాత తెలిసింది. పైకి లాగబోతే ఆవిడ వేళ్లు గొట్టాన్ని వదల్లేదు. నాతో వచ్చిన పీహెచ్‌డీ అమ్మాయి ఏడుస్తూ ఒక్కో వేలే విడదీసింది.

కారులో కైకలూరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఆవిడకి కాస్త మాట వచ్చింది. "నేనక్కడున్నానని ఎవరు చెప్పారమ్మా?"

"ఆ గొట్టం కదిపితే మాకు తెలుస్తుందమ్మా," అన్నాను.

"నేనేం కదపలేదమ్మా. చలికి వణికానంతే."

ప్రాణానికి భయం లేదన్నారు డాక్టరుగారు. దోనె ఆయన వరండాలో గోడకి చేరగిలబడి, తువ్వాలు మొహాన కప్పుకుని కూర్చున్నాడు. ఎవరో టీ తెచ్చిచ్చారు. ఆ గ్లాసు ఆయన పక్కన పెట్టి, నేనూ అక్కడే కూర్చున్నాను.