సర్వర్ ఆపేముందు ఫోన్ చేసే మా ఆపా

మొన్న మంగళవారం పొద్దున మా ఆపా పోయింది. వనపర్తిలో మేము పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలో, కంప్యూటర్ గదిలో, కూర్చున్న కుర్చీలోనే ఒరిగిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. కింది అంతస్తులో డాక్టర్లున్నారు, ఆక్సిజన్ ఉంది, అన్నీ ఉన్నాయి. అయినా దక్కలేదు. ఈ మాటలు రాస్తున్నది నేనే, కానీ నాకే ఇంకా నమ్మకం కుదరడం లేదు.

మా ఆసుపత్రికి గద్వాలలో, నాగర్‌కర్నూల్‌లో రెండు శాఖలున్నాయి. ఆ పొద్దున నేను మా నాగర్‌కర్నూల్ శాఖలో ఉన్నాను. ఆపా వనపర్తిలో సర్వర్ మీద రిపోర్టుల ప్రోగ్రాం కొత్త వెర్షన్ ఎక్కిస్తోంది. అది నా దగ్గర సరిగా తెరుచుకుంటుందో లేదో చూడడానికి నన్ను ముందే పంపింది. పని కాగానే ఫోన్ చేసింది.

"చెల్లే, ఇప్పుడు తెరువు. పేజీ కింద ఏ నంబరుంది?"

చెప్పాను.

"మంచిగున్నది. ఒక పేషెంటు పేరు కొట్టి చూడు. నేను గద్వాలకు చేసి మళ్ల నీకు చేస్త."

పేరు కొట్టాను. రిపోర్టు వచ్చింది. కాసేపటికి మళ్లీ ఫోన్ మోగితే ఆపానే అనుకుని, "అన్ని మంచిగున్నయి ఆపా" అన్నాను. అవతల వనపర్తి ల్యాబులో పనిచేసే అమ్మాయి.

"అక్కా, ఆపా పోయింది."

"ఏడికి పోయింది? గద్వాలకా?"

నిజంగానే అలా అడిగాను. ఆ అమ్మాయి ఏడుపు విన్నాక కూడా నాకు అర్థం కాలేదు. అప్పుడే కదా మాట్లాడింది!

ఆపాది గద్వాల. వాళ్ల నాన్నకు బట్టల దుకాణం ఉండేది. హైదరాబాద్‌లో కంప్యూటర్ చదువు చదివి, అక్కడ కొన్నాళ్లు ఉద్యోగం చేసి, మా ఆసుపత్రి పెట్టినప్పుడు కంప్యూటర్ గదికి పెద్దగా వచ్చింది. ఆపా అంటే ఉర్దూలో అక్క. గద్వాల నర్సులు అలా పిలిచేవాళ్లు, వాళ్లను చూసి మేమూ మొదలుపెట్టాం. చివరికి డాక్టర్లు కూడా ఆపా అనే అన్నారు. పెద్దమందడిలో వేరుశనగ చేను తప్ప ఇంకేమీ చూడని ఇంటి నుంచి వచ్చిన నాకు ఈ పని నేర్పింది ఆమే.

నేను చేరిన కొత్తలో రిపోర్టుల ప్రోగ్రాంను ఒక్కో కంప్యూటర్లో విడిగా ఎక్కించాల్సి వచ్చేది. చిన్న మార్పు వచ్చినా సరే, సీడీలు సంచిలో వేసుకుని ఆపా బస్సెక్కేది. గద్వాల పోవాలంటే కొత్తకోటలో దిగి బస్సు మారాలి. అక్కడ లారీల మధ్య నిలబడి, పొట్లంలో మిర్చిబజ్జీలు ఊదుకుంటూ తినేది. తర్వాత వెబ్ క్లయింట్ వచ్చింది. వనపర్తిలో ఒక్క జావా అప్లికేషన్ సర్వర్ మీద ప్రోగ్రాం ఉంచితే చాలు, మిగతా రెండు ఊళ్లలో బ్రౌజర్ తెరిస్తే అదే కనిపిస్తుంది. అది మొదటిసారి పనిచేసిన రోజు అందరం చప్పట్లు కొట్టాం. ఆపా మాత్రం మొహం చిన్నబుచ్చుకుని, "ఇగ నాకు కొత్తకోట బజ్జీలు లేవు పో" అంది. నవ్వలేక చచ్చాం.

సర్వర్‌ను ఆపే ముందు ఆమె ఒక పని తప్పకుండా చేసేది. మూడు ఊళ్లకూ ఫోన్ చేసి, "లోపల ఎవరన్న రాస్తుండ్రా?" అని అడిగేది. ఎవరైనా రాస్తుంటే వాళ్లు ముగించేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆ తర్వాతే ఆపేది. పాత వెర్షన్‌ను పక్కకు దాచి, ఆ పాత ఫైలును విడదీసి సర్వర్ తనలో పెట్టుకున్న ఫోల్డర్‌ను తీసేసి, కొత్త ఫైలు పెట్టి, బిస్మిల్లా అని నడిపించేది. తెర మీద పరిగెత్తే వరుసలను పెదవులు కదుపుతూ చదివేది. ఆ సమయంలో ఎవరైనా చాయ్ తెస్తే చెయ్యి అడ్డం పెట్టేది, తల తిప్పేది కాదు.

"కొత్తది లేచిందని సంబరపడకు చెల్లే. అవతల నర్సు చూసి మంచిగున్నదంటేనే లేచినట్లు" అనేది నాతో.

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. వెబ్ క్లయింట్ వచ్చిన తర్వాత మొదటి పెద్ద మార్పు చేసిన రోజు నేనూ ఆ గదిలోనే ఉన్నాను. మా ఆసుపత్రి యజమాని, పెద్ద డాక్టరు సారు, ఆ రోజు హైదరాబాద్ నుంచి కొందరు డాక్టర్లను పిలిపించారు. మూడు ఊళ్ల రిపోర్టులు ఒక్క తెర మీద ఎలా వస్తాయో వాళ్లకు చూపించాలని ఆయన ఉత్సాహం. ఆపా పొద్దున్నే కొత్త వెర్షన్ ఎక్కించింది. వనపర్తిలో అంతా సవ్యంగా ఉంది. అతిథులు గదిలోకి వస్తుండగా గద్వాల నుంచి నర్సు ఫోన్ చేసింది.

"ఆపా, కాన్పు కేసు వచ్చింది. రక్తం ఎక్కియ్యాలె. రిపోర్టు తెరిస్తే మీద ఈమె పేరే ఉంది గని, కింద వయసు యాభై అని వస్తుంది. ఈమెకు ఇరవై గూడ లేవు."

ఆపా లేచి నిలబడింది. "తెర బంద్ చెయ్యి. దాన్ల ఉన్న గ్రూపు చూసి రక్తం తేవొద్దు. రక్తం మళ్ల తీసి, ఆడనే ల్యాబుల చేతితో పరీక్ష చేపియ్యి. కాగితం మీద రాయించుకో. నేను లైన్లనే ఉంట."

నా వైపు తిరిగి, నాగర్‌కర్నూల్‌కు కూడా అదే చెప్పమంది. తర్వాత సర్వర్ ఆపేసింది. అతిథుల ముందున్న తెర ఖాళీ అయిపోయింది.

పెద్ద సారు మొహం ఎర్రబడింది. "ఏందిది? ఈడ మంచిగనే నడుస్తుంది గద! ఒక్క అరగంట నడవనియ్యి, వీళ్లు చూసిపోతరు."

"గద్వాలల ఒకరి రిపోర్టు ఇంకొకరి పేరు మీద కనపడుతుంది సార్."

"గద్వాలది గద్వాలల చూసుకోవచ్చు. ఈడెందుకు ఆపినవ్?"

"సర్వర్ ఒక్కటే సార్. ఈడ నడిస్తే ఆడ గూడ నడుస్తది. ఎవరన్న చూసి రక్తం ఎక్కిస్తే ఏమైతది? నేను నడపను."

అతిథులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సారు ఇంకేదో గట్టిగా అని వెళ్లిపోయారు. ఆపా కొత్తదాన్ని తీసేసింది, దాచిన పాతదాన్ని పెట్టింది, మళ్లీ నడిపించింది. అంతసేపూ గద్వాల ఫోన్ ఆమె భుజానికీ చెవికీ మధ్యనే ఉంది. అటు నుంచి నర్సు గ్రూపు తేలిందని, సరైన రక్తం దొరికిందని చెప్పేదాకా కూర్చోలేదు. మధ్యాహ్నానికి కాన్పు అయింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆ కబురు విన్నాక ఆపా దుపట్టాతో మొహం కప్పుకుంది.

తప్పెక్కడుందో తర్వాత తెలిసింది. గద్వాల కంప్యూటర్లోని బ్రౌజర్ పాత పేజీ ముక్కలను దాచి ఉంచుకుంది. సర్వర్ కొత్తది, అక్కడి పేజీ పాతది. రెండూ కలిసి రిపోర్టులను తారుమారు చేశాయి. ఆపా ప్రోగ్రాం రాసినవాళ్లతో మాట్లాడి, బ్రౌజర్ పాత ముక్కలను వాడకుండా ప్రతి వెర్షన్‌కూ పేజీ ఫైళ్ల పేర్లు మారేలా చేయించింది. పేజీ కింద వెర్షన్ నంబరు పెట్టించింది. అప్పటి నుంచి ఫోన్లో ఆమె మొదటి ప్రశ్న ఆ నంబరే.

పెద్ద సారు కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. ఒకరోజు తనే కంప్యూటర్ గదికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, "ఆ రోజు అసలేమైందో నాకు తెలిసేటట్టు చెప్పు ఆపా" అన్నారు. ఆపా అని పిలవడం అదే మొదలు. ఆమె కాగితం మీద మూడు ఊళ్లూ గీసి చెప్పింది. ఆయన మొత్తం విన్నారు. ఆ తర్వాత ఏ రోజూ త్వరగా కానివ్వమని అనలేదు.

మంగళవారం ఆ గదికి అందరికంటే ముందు పరిగెత్తి వచ్చింది ఆయనే. ఆమెను నేల మీద పడుకోబెట్టి, ఛాతీ మీద ఒత్తుతూనే ఉన్నారట. చాలిక సార్ అని పక్క డాక్టర్లు చెప్పినా చెయ్యి తీయలేదట.

నేను బిజినేపల్లి మీదుగా వనపర్తి చేరేసరికి ఆమెను అంబులెన్స్‌లో గద్వాల తీసుకుపోయారు. మేమంతా వెనకే వెళ్లాం. వాళ్ల ఇంట్లో ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. ఆపా మొహం మీద ఏ బాధా లేదు. ఎవరో లేపితే లేచి, "ఏందే, ఇంతమంది వచ్చిండ్రు?" అని అడిగేలా ఉంది. వాళ్ల చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "పొద్దున నాస్తా గూడ మంచిగ తిన్నదంట. నీతో ఏమన్న చెప్పిందా?" అని అడిగింది. మళ్లీ ఫోన్ చేస్తానన్నదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సాయంత్రం జనాజా, ఆపా పాడె, లేచింది. మేము గడపలో నిలబడ్డాం. సందు ఇరుకు, పొద్దున వానకు బురదగా ఉంది. వీధిలోని మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు భుజం మారుస్తున్నారు. వాళ్ల మధ్యలోకి పెద్ద సారు తెల్లకోటుతోనే వెళ్లి భుజం పెట్టారు. నాలుగడుగులు వేశారో లేదో, ఆయన కాలి బూటు బురదలో కూరుకుని ఊడిపోయింది. ఆయన ఆగలేదు, వెనక్కి చూడలేదు. ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో అలాగే మలుపు తిరిగిపోయారు.

జనమంతా వెళ్లిపోయాక సందులో ఆ బూటొక్కటే మిగిలింది. ఒక సైకిలాయన వచ్చి, దాన్ని చూసి, దిగి, పక్కనుంచి సైకిలు నడిపించుకుంటూ పోయాడు.