చెంపకు ఆనించిన ట్యూబు

బెళుగుప్ప బస్టాండు దగ్గరి పంక్చర్ షాపు మా తిప్పమ్మది. పక్కనే ఉన్న టీ కొట్టు నాది. కాబట్టి ఆమె గురించి చెప్పే హక్కు నాకుంది. ఎవరైనా అడ్డమొస్తే నా నోరు ఎలాంటిదో ఊరందరికీ తెలుసు.

భర్త రామాంజులు పోయాక ఆ షాపు మూతపడుతుందనే అనుకున్నారంతా. దినాలు కాగానే తిప్పమ్మ కొంగు నడుముకు దోపి జాకీ పట్టుకుంది. ఆడమనిషి లారీ టైరు విప్పడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్ళే ఇప్పుడు బండి ఆగిపోతే ముందు ఆమెను తలుచుకుంటారు.

కూతురు గౌతమిది ఇంకో పిచ్చి. వీరేష్‌ను, మరో ఇద్దరు కుర్రాళ్ళను వెంటేసుకుని, మబ్బు ఎటు పోతే అటు బైకు తిప్పుతుంది. ఎక్కడ విత్తనానికి సరిపడా పదును వాన పడిందో చూసి వాట్సాప్ గ్రూపులో చెబుతుంది. వేరుశనగ విత్తాలా వద్దా అని తల పట్టుకునే మా రైతులకు అంతకన్నా ఏం కావాలి? గౌతమి గుంపుకు మేం పెట్టిన పేరు ‘మబ్బుల బ్యాచ్’.

అలా తిరుగుతుండగా ఒక ఏడాది, వాగులా పొంగిన వంక దాటబోయిన మనిషి కళ్ళ ముందే కొట్టుకుపోయాడు. వీళ్ళ చేతిలో తాడు ముక్క కూడా లేదు. ఇంటికొచ్చి గౌతమి అన్నం ముట్టలేదు. తిప్పమ్మ కూతుర్ని ఓదార్చలేదు. పాత ట్రాక్టర్ ట్యూబు ఒకటి తీసి, తూట్లకు ప్యాచ్‌లు వేసి, బోరు మోటార్లు దించే లావుపాటి మోకుతాడు తెచ్చి దానికి కట్టింది. ఈలలు, తలకు పెట్టుకునే లైట్లు ఎరువుల సంచిలో సర్దింది.

“ఏమ్మా తిప్పమ్మా, తాగను నీళ్ళు లేని ఊర్లో తెప్ప కడతాండావా?” అని నవ్వారు జనం.

“నవ్వుకోండప్పా. నా బిడ్డ గట్టున నిలబడి ఏడ్చేది ఇంగ జరగదు” అంది.

పోయిన అక్టోబరులో వాన దంచికొట్టింది. గొర్రెలు మేపే చౌడప్ప వంక నడుమ బండ మీద చిక్కుకున్నాడు. నీళ్ళు అతని మోకాళ్ళు దాటుతున్నాయి. ఫైర్ ఇంజన్ బయలుదేరింది కానీ దారిలో రోడ్డు తెగింది. ట్యూబు, మోకు మోసుకుని తిప్పమ్మతో పాటు మేమంతా గట్టుకు చేరాం. కాలువలో ఈత నేర్చిన గౌతమి ట్యూబుకు కట్టిన మోకునే తన నడుముకూ కట్టుకుంది. రెండో కొస మేం పట్టుకున్నాం.

“ఆగు” అంది తిప్పమ్మ.

ముందు రోజే ట్యూబుకు కొత్త ప్యాచ్ వేసింది. షాపులోనైతే తొట్టి నీళ్ళలో ముంచి బుడగలు చూసేది. ఆ ఎర్రనీళ్ళ పరుగులో బుడగ ఎక్కడ కనబడుతుంది? ట్యూబును చెంపకు ఆనించి మెల్లగా చుట్టూ తిప్పసాగింది. సన్నగా గాలి పోతున్నా చెంపకు తగులుతుంది.

“అత్తా! ఆడ మనిషి పోయేట్టుండాడు, నువ్వేమో ట్యూబుకు ముద్దులు పెడతాండావా?” అని వీరేష్ అరిచాడు.

ఆమె చుట్టు పూర్తి చేసి, ట్యూబు కూతురి చేతికిచ్చి, “పో” అంది. ఆ ఒక్క మాట అనడానికి ఆమె ఎంత గుండె చిక్కబట్టుకుందో పక్కన నిలబడ్డ నాకు తెలుసు.

ప్రవాహం గౌతమిని ఒక్క ఊపున కిందికి లాక్కుపోయింది. మా అరచేతుల తోలు లేచిపోయింది. అయినా ఆ పిల్ల ఈది బండను పట్టుకుంది. చౌడప్పను ట్యూబులో దూర్చింది. ఆయన చంకలోని గొర్రెపిల్లను వదలనంటే దానితో సహా! “లాగండి!” అని కేకేసింది. లాగాం. ముగ్గురూ గట్టెక్కారు. అబ్బ, ఆ ఈలలు, ఆ చప్పట్లు! మా ఊరి పిల్ల అని ఛాతీ విరుచుకుని చెప్పాను, కనబడిన ప్రతివాడికీ.

తిప్పమ్మ మాత్రం వంగి, ట్యూబు ప్యాచ్‌లు ఒక్కొక్కటే తడిమి చూస్తోంది.

“మా, నేను ఈడుండా. ట్యూబును చూస్తాండావేమే?” అంది గౌతమి, వణుకుతూనే.

“నిన్ను చూస్తే ఏడుపొస్తాది. అందుకే దీన్ని చూస్తాండా” అంది తిప్పమ్మ.

తర్వాత లేచి, అందరి ముందూ, తన చెంప కూతురి ముక్కు దగ్గర పెట్టి కళ్ళు మూసుకుంది. వెచ్చటి ఊపిరి తగిలేదాకా కదల్లేదు.

“ఉండాది” అంది. అప్పుడు భోరుమంది. నేనూ ఏడ్చాను. ఏం, టీ కొట్టువాడు ఏడవకూడదా?