చౌరస్తాలో పడవ

మా ఊరు కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డున. మా బాపు చెక్క పడవలు కట్టేవాడు. తెలంగాణ రాకముందు అవతలి ఒడ్డుకు పోతే చుట్టాలింటికి పోయినట్టు, వచ్చాక పోతే పక్క రాష్ట్రానికి పోయినట్టు. నది మాత్రం అదే. దాని మీద తిరిగే పడవలే మారిపోయాయి. ఫైబర్ పడవలొచ్చాయి. రంగు కారుది, గుణం బకెట్టుది. చేపలు పట్టేవాళ్లంతా వాటినే కొన్నారు. కొనక ఏం చేస్తారు? అవి తేలిక, తారు పూసే పని లేదు, పైగా మంచి కలప దొరకడమే గగనమైపోయింది. బాపు వాటిని చూసి "టబ్బులు" అని ఈసడించేవాడు. చివరికి టబ్బులే గెలిచాయి. ఆయన బాడిసె తలుపులు చెక్కడానికీ, మంచం కోళ్లు సరిచేయడానికీ మిగిలింది.

పడవలు ఎవరికీ అక్కరలేకుండా పోయాక పెద్దలకు వాటి మీద ప్రేమ పుట్టింది. నేను టీచరుగా పనిచేసే పట్నంలో (పేరు చెప్పను, రేపు మళ్లీ అక్కడే బతకాలి) చౌరస్తాను అందంగా చేయాలనుకున్నారు. ఒక పట్నంవాళ్లు మామిడిపండు బొమ్మ, ఇంకో పట్నంవాళ్లు మగ్గం బొమ్మ పెట్టుకున్నారు కనుక మావాళ్లకు పడవ కావలసి వచ్చింది. బొమ్మ కాదు, అసలు పడవే. మున్సిపాలిటీ సారు ఊళ్లో మా ఇంటికి వచ్చి, చాయ్ తాగుతూ, "మన నది గొప్పతనం జనానికి తెల్వాలె" అన్నాడు. నది మా వాకిట్లోంచి కనబడుతూనే ఉంది. ఆయన దానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

బాపుకు మళ్లీ ప్రాణం లేచి వచ్చింది. ఆ ఎండాకాలమంతా పడవే లోకం. అన్నానికి పిలిస్తే పలికేవాడు కాదు. పలకల సందుల్లో నార కుక్కి గుగ్గిలం పూస్తుంటే ఇల్లంతా అదే వాసన. "నా పెండ్లినాడు గూడ గింత సంబురం లేకుండె గీ మనిషికి" అని అమ్మ నవ్వేది.

మా దగ్గర ఒక రివాజు ఉంది. కొత్త పడవను కట్టినవాడే ముందు ఒంటరిగా ఎక్కి, నదిలో ఒక తిప్పు తిప్పి తేవాలి. అంతవరకు దాన్ని ఎవరూ పడవ అనరు. ఇది తన చివరిదని బాపుకు తెలుసు. అందుకే ట్రాక్టరు వచ్చిన రోజు సారును బతిమాలాడు.

"సారూ, జర ఒక్కసారి నీళ్లల్ల ఏసి తీస్త. ఎంతసేపు గాదు."

"రంగు ఖరాబైతది పెద్దమనిషీ. రేపే ఓపెనింగు. అయినా గది దిమ్మె మీద ఉండేది గద, నీళ్లెందుకు?"

"మల్ల ఎప్పుడన్న ఏస్తరా?"

"ఏద్దాం, ఏద్దాం. తర్వాత దించి ఏద్దాం తియ్యి."

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయంటారు. మా ఓడ ట్రాక్టరు బండెక్కి పోయింది. దాన్ని సిమెంటు దిమ్మె మీద ఇనుప పట్టీలతో బిగించారు. చుట్టూ నీలం రంగు టైల్సు వేశారు. అదే కృష్ణమ్మట. రిబ్బను కత్తిరించిన పెద్దాయన, పడవ మన బతుకని గంటసేపు చెప్పి కారెక్కాడు. బాపుకు శాలువా కప్పారు. ఆ శాలువాతోనే ఆయన సారు వెంటపడి, "మరి నీళ్ల సంగతి?" అని అడిగాడు. ఆ తర్వాత పట్నం వచ్చినప్పుడల్లా అడిగేవాడు. బాపు దూరంగా కనబడగానే సారు ఫోను చెవికి పెట్టుకోవడం నేర్చుకున్నాడు.

వానాకాలం వచ్చింది. మొదటి వాన నీళ్లు సందుల్లోంచి కారిపోయాయి. తర్వాత ముసురు పట్టింది. చెక్క నీళ్లు తాగి ఉబ్బి, సందులు మూసుకుని, పడవ అంచుల దాకా నిండింది. చుక్క కారలేదు. అదే సమయంలో పట్నంలో జ్వరాలు మొదలయ్యాయి. వాడవాడలా మురికి కాలువలు పొంగుతున్నా దోమలన్నీ మా పడవలోనే పుడుతున్నాయని తేల్చారు. పడవ అడుగున బొక్క పెట్టాలని నిర్ణయించారు.

సంగతి తెలిసి బాపుకు ఫోను చేశాను. ఆయన ఆటోలో వచ్చేసరికి డ్రిల్లు మిషనుతో ఒకడు దిమ్మె ఎక్కుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"సిగ్గనిపిస్తలేదా సారూ? నీళ్లల్ల ఏస్తమని మాటిచ్చి బొక్క పెడ్తరా?"

"పబ్లిక్ హెల్త్, మేడమ్" అన్నాడు సారు.

బాపు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దు బిడ్డా. మిషను పెడితే పలక చీల్తది. నేనే పెడ్త."

సంచిలోంచి బొక్కలు పెట్టే చేతి బర్మా తీసి, పడవ కిందికి వంగి తిప్పడం మొదలుపెట్టాడు. జీవితమంతా సందులు మూసిన మనిషి. చూస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. నీళ్లు ధారగా టైల్స్ మీద పడ్డాయి. జనం వీడియోలు తీసుకున్నారు. పడవంతా ఖాళీ అయ్యేదాకా బాపు కదల్లేదు.

తర్వాత సారు దగ్గరికి పోయి చేతులు జోడించాడు.

"ఇగ ఫికర్ చెయ్యకుండ్రి సారూ. నీళ్లల్ల ఎయ్యమని ఇంకెన్నడు అడగ."