పదో తేదీలోగా

రఘురామ్ డబ్బు పంపడం మానేసిన మొదట్లో ఇంద్రజ మెసేజీలు పెట్టింది. తర్వాత ఫోన్లు చేసింది. ఉద్యోగం పోయిందనీ, దొరికాక అంతా కలిపి ఇస్తాననీ అతను చెప్పేవాడు. ఆమె నమ్మింది. కన్న కూతురి విషయంలో అబద్ధమాడతాడని అనుకోలేదు.

వాళ్ళకు విడాకులై మూడేళ్ళు. అతను నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. పాప భవ్యశ్రీ పోషణకు ప్రతి నెలా పదో తేదీలోగా ఇరవై వేలు ఇవ్వాలని ఫ్యామిలీ కోర్టు చెప్పింది. ఇంద్రజది తెనాలి. నోయిడా పక్కనే ఉన్న మయూర్ విహార్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో జీతాల లెక్కలు చూస్తుంది. ఆ ఇరవై వేలూ ఆగిపోయాక పాపకు బస్సు మాన్పించి రోజూ తనే నడిపించుకుని వెళ్ళేది. సాయంత్రాలు ట్యూషన్లు మొదలుపెట్టింది. వకీలును అడిగితే, అతనికి ఉద్యోగం వచ్చాక చూద్దామన్నాడు.

పై అంతస్తులో జానకీదేవి అనే పెద్దావిడ ఉంటుంది. కర్నూలు మనిషి. కేంద్ర ప్రభుత్వంలో కోర్టు ఫైళ్ళు చూసి రిటైరైంది. నవంబరు నాలుగో తేదీ సాయంత్రం మాటల్లో ఈ సంగతి బయటపడింది.

"ఎప్పట్నుంచి ఇయ్యలేదమ్మా?"

"పోయిన నవంబరు నుంచి, ఆంటీ."

"కోర్టులో దరఖాస్తు పెట్టినావా?"

"లేదండీ."

జానకీదేవి ముఖం మారింది. "ఏడాది దాటితే ఆ నెల బాకీకి వారెంటు అడిగే వీలుండదు. ఈ పదో తేదీ దాటిందంటే పోయిన నవంబరుది పోయినట్టే. ఆ పైన నెలకొకటి పోతాంటాది."

ఇంద్రజ వెంటనే వకీలుకు ఫోన్ చేసింది. దీపావళికి ఊరెళ్ళినవాడు ఇంకా తిరిగి రాలేదు.

"నువ్వే రాయి. నేను దిద్దుతా" అంది జానకీదేవి.

రెండు సాయంత్రాలు కూర్చుని రాశారు. అతనికి ఉద్యోగం ఉందో లేదో ఎలా తేల్చాలన్న దగ్గర ఆగిపోయారు. ఇంద్రజకు ఒక ఉపాయం తట్టింది. స్కూల్లో అరవై మందికి నెలనెలా పీఎఫ్ కట్టేది తనే.

"ఎక్కడ పనిచేసినా జీతంలోంచి పీఎఫ్ కడతారు కదా ఆంటీ. ఆ రికార్డు తెప్పించమని కోర్టునే అడిగితే?"

"అది రాయి. మొదటి పేజీలోనే రాయి."

ఏడో తేదీ సెలవు పెట్టి కోర్టుకు వెళ్ళింది. కౌంటరులో గుమాస్తా కాగితాలు తిరగేశాడు.

"వకీల్ కహాఁ హై?" వకీలు ఎక్కడని అడిగాడు.

"మై ఖుద్ హూఁ, భయ్యా." తన కేసు తనే చూసుకుంటానంది ఇంద్రజ.

అఫిడవిట్ మీద నోటరీ ముద్ర లేదని అతను వెనక్కిచ్చేశాడు. ఇంద్రజ బయటికి పరుగెత్తి, నోటరీ బల్ల ముందు వరసలో నిలబడి, ముద్ర వేయించుకుని, కౌంటరు మూసే వేళకు తిరిగొచ్చింది. గుమాస్తా నిట్టూర్చి దరఖాస్తుకు నంబరు వేశాడు. పన్నెండు నెలల బాకీలో ఒక్క నెల కూడా జారిపోలేదు.

డిసెంబరులో వాయిదా. రఘురామ్ తన వకీలుతో వచ్చాడు. ఏడాదిగా ఉద్యోగం లేదనీ, స్నేహితుడి గదిలో తలదాచుకుంటున్నాననీ ప్రమాణం చేసి చెప్పాడు. జడ్జిగారు ఇంద్రజ దరఖాస్తు చదివి తలెత్తారు.

"యే కిస్నే లిఖా హై?" ఇదెవరు రాశారని అడిగారు.

"మైనే, మేడమ్." తనే రాశానంది ఇంద్రజ.

ఆవిడ అక్కడికక్కడే పీఎఫ్ ఆఫీసు నుంచి రికార్డు తెప్పించమని ఉత్తర్వు రాశారు. రఘురామ్ తన వకీలు చెవిలో ఏదో చెప్పబోయాడు. ఆయన వినిపించుకోలేదు.

ఫిబ్రవరిలో రికార్డు వచ్చింది. పోయినేడు జనవరి నుంచి ఒక నోయిడా కంపెనీ అతని పేరున ప్రతి నెలా పీఎఫ్ కడుతూనే ఉంది. అతను ఉద్యోగం లేకుండా ఉన్నది రెండే నెలలు.

"నౌకరీ నహీఁ థీ, తో యే పైసా కౌన్ భర్ రహా థా?" ఉద్యోగం లేకపోతే ఈ డబ్బు ఎవరు కడుతున్నారని జడ్జిగారు అడిగారు.

పాత బాకీ, దరఖాస్తు పెట్టాక పేరుకున్న నెలలదీ కలిపి పదిహేను రోజుల్లో కట్టాలి, లేకపోతే వారెంటు. ఇకమీదట ఇరవై వేలూ కంపెనీయే అతని జీతంలోంచి కోసి నేరుగా ఇంద్రజ ఖాతాలో వేయాలి. ఉత్తర్వు వింటూ ఇంద్రజ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

మెట్ల దగ్గర రఘురామ్ ఎదురయ్యాడు. "ఆఫీసులో నా పరువు తీశావు."

"ఏడాది పాటు నిన్ను బతిమాలాను రఘూ. ఇక నీతో మాట్లాడే పని కూడా లేదు" అని ఆమె దిగిపోయింది.

తోడుగా కోర్టుకు వచ్చిన జానకీదేవి, ఇంద్రజ గేటు బయట నిలబడే శనగల కూరతో రొట్టెలు, ఛోలే కుల్చే తిన్నారు. పెద్దావిడ రెండో ప్లేటు కూడా తెప్పించుకుంది. ఇంద్రజ ఇంటికి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"మతలబ్ పాపా పైసే దేంగే?" నాన్న డబ్బులిస్తారా అని అడిగింది భవ్య.

"ఇస్తారమ్మా. అవి నీవే."

"తో మై స్కేటింగ్ జాయిన్ కర్ లూఁ?"

"రేపే చేరుదువుగాని."

బాకీ మొత్తం పద్నాలుగో రోజున ఖాతాలో పడింది. ఇంద్రజ ట్యూషన్లు మానేసింది. ఏప్రిల్ నెల డబ్బు తొమ్మిదో తేదీనే వచ్చింది. స్కేటింగ్ పోటీల హడావుడిలో పడి ఆమె ఆ సంగతి పన్నెండున గానీ చూసుకోలేదు.