కరియ వచ్చే దారి

మొన్న ఆదివారం పొద్దున్నే పెరట్లోకి వెళ్ళేసరికి, అప్పుడప్పుడే మొలకెత్తుతున్న నా మెంతికూర మడి నడిమధ్యలో పక్కింటివాళ్ళ కుక్క వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్ళూ గాల్లో ఆడిస్తూ హాయిగా వీపు రుద్దుకుంటోంది. నా కోపం సంగతి నాతో పనిచేసిన పంతుళ్ళందరికీ తెలుసు, ముక్కు మీదే ఉంటుంది. పూర్వంలాగా గోడ దగ్గర నిలబడి అరవాల్సిన అవసరం ఇప్పుడు లేదు కదా, ఫోను తీసి మడి ఫోటో ఒకటి, దాని కింద నాలుగు ఘాటైన ముక్కలు కాలనీ గ్రూపులో పడేసి, ఏదో సాధించినదానిలా కాఫీ పెట్టుకున్నాను. సాయంత్రానికల్లా పక్కింటి గేటు దగ్గర గొలుసు చప్పుడు మొదలైంది. పాపం దాన్ని గేటు కమ్మీకి కట్టేశారు. అది అటు రెండడుగులు, ఇటు రెండడుగులు తిరుగుతూ గచ్చు మీద ఆ గొలుసును ఈడుస్తుంటే, పళ్ళెం ముందు కూర్చున్నదాన్ని దాన్ని పక్కకు జరిపి లేచాను. సరిగ్గా ఇలాంటి చప్పుడే నేను నలభై ఏళ్ళ కిందట తాండూరులో విన్నాను. అప్పుడది గొలుసు కాదు, కట్టె.

పెళ్ళయిన మూడో ఏడు అనుకుంటాను. మా ఆయనకు తాండూరులో బండలు పాలిషు పట్టే కార్ఖానాలో ఉద్యోగం, నాకు ఊళ్ళోనే బడిలో పంతులమ్మ పని. ఊరి చివర అద్దెకుండేవాళ్ళం. తాండూరులో ఆ రోజుల్లో ఇల్లంటే నేల బండ, గూడు బండ, బట్టలుతకడానికి బండ, కూర్చోవడానికి వాకిట్లో అరుగూ బండే. ఎండాకాలం మధ్యాహ్నం పెరట్లో అడుగు పెడితే అరికాళ్ళు బొబ్బలెక్కేవి. మా పెరటి గోడ కూడా సున్నం, సిమెంటు ఏమీ లేకుండా పలకల మీద పలకలు పేర్చిందే, నా ఛాతీ ఎత్తు ఉండేది. ఒక్కచోట మాత్రం పైన రెండు బండలు ఎప్పుడో జారిపోయి గోడ కాస్త తగ్గి ఉండేది. ఆ గోడకు అవతల గొర్రెల కాపరి కుటుంబం. ఆయన మాటలు బంగారం తూచినట్టు తూచి వాడే మనిషి. ఆయన భార్య సేడం వైపు పిల్ల, సగం కన్నడం, సగం తెలుగు కలిపి గలగలా మాట్లాడేది. వాళ్ళకు మంద, ఆ మందకు మూడు కుక్కలు. రెండు కుక్కలు వాటి పని అవి చూసుకునేవి. మూడోది కరియ. కన్నడంలో నల్లోడని అర్థమట, ఆ ఇల్లాలు పెట్టిన పేరు. ఒక చెవి సగం చిరిగి ఉండేది, తోడేలు కొరికిందని చెప్పేవాళ్ళు.

ఆ కరియకు మా ఇల్లంటే ఎందుకంత ఇష్టమో నాకు బొత్తిగా అర్థమయ్యేది కాదు. పొద్దున్నే మేం పనులకు బయల్దేరే వేళకు గోడ అవతల తచ్చాడుతూ ఉండేది. మంచు ఆరితే గానీ కాపరులు గొర్రెలను మేతకు తోలరు కదా, మేం వెళ్ళాక ఇంకో రెండు గంటలు అది ఖాళీయే. బడి నుంచి వచ్చి చూస్తే అరుగు మీద దాని అడుగుల గుర్తులు, తులసి మొక్క పక్కన దాని వెంట్రుకలు. మాతోపాటే ఉండే మా అత్తగారిని అడిగితే, ఏమో బిడ్డా నేను జూడలే అని చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టేవారు.

ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతారు గానీ, కందిపప్పు కొట్లో కొనడమంటే మా అత్తగారికి మహా నామోషీ. బొంరాస్‌పేటలో వాళ్ళ పొలంలో పండిన కందులు మాకు బస్తాల్లో వచ్చేవి. వాటిని నానబోసి, నీళ్ళు వార్చి, జల్లించిన ఎర్రమన్ను గింజ గింజకూ పట్టేలా అరచేతులతో రుద్ది, పెరట్లో బండల మీద పలచగా పరిచి ఎండబెట్టాలి. అలా మన్ను పట్టి ఎండిన కందిని విసుర్రాయిలో వేస్తే పొట్టు ఇట్టే ఊడిపోతుంది. ఆ పప్పు రుచి మీలో తిన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. నేను వికారాబాదులో రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని, నాకు ఆ పనేమీ రాదు. రెండేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పి, ఆ ఏడాది మొదటిసారి మా అత్తగారు ఏడాది పప్పంతా నా చేతిలో పెట్టారు. ఒక ఆదివారం పొద్దున్న నడుం విరిగేలా రుద్ది, పెరడంతా పరిచి, చేతులు కడుక్కుని వద్దును కదా, ఆ చల్లటి తడి కందుల మధ్యలో కరియ కాళ్ళు బారజాపుకుని పడుకుని ఉంది. నన్ను చూసి తోక ఊపింది. తోక ఊపిన ప్రతిసారీ నా కందులు గోడకేసి ఎగిరిపడ్డాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా అత్తగారు స్నానాల గదిలోంచి బయటికి వచ్చేలోపే, ఎర్రమన్ను చేతులతోనే కాపరి ఇంటి వాకిట్లో నిలబడి నానా మాటలూ అన్నాను. కుక్కను కట్టేసుకోవడం చేతకానివాళ్ళు ఊళ్ళో ఎందుకుండాలి, అడవిలోనే ఉండొచ్చు కదా అని కూడా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. తర్వాత దొడ్లోకి వెళ్ళి ఒక గొర్రె వీపు మీద చెయ్యి వేసి అన్నాడు.

"రేపటి సంది మీ పెరట్లకు రాదు పంతులమ్మా. గీ మంద మీద ఒట్టు. దాని మెడల కొయ్య ఏస్త, మీరు జెప్పేదాక ఇప్ప."

పొగరుబోతు పశువుల మెడలో కట్టే గుదికొయ్యను మీరు చూసే ఉంటారు. మోకాళ్ళ దాకా వేలాడే కట్టె ముక్క, పరుగెత్తబోతే కాళ్ళకు తగులుతుంది. మర్నాటి నుంచి కరియ మెడలో అది. నేను మా ఆయన చేత గోడ మీద రెండు కొత్త బండలు కూడా పెట్టించి, దారి పూర్తిగా మూయించాను. మా అత్తగారు గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి వెళ్ళిపోయారు. అయినా పొద్దున్నే టక్, టక్ అంటూ కట్టె బండలకు కొట్టుకుంటున్న చప్పుడు గోడ దాకా వచ్చేది, అక్కడ ఆగేది, కాసేపటికి తిరిగి వెళ్ళిపోయేది. బాగా అయింది అనుకునేదాన్ని.

ఇక్కడే నేను పెద్ద పొరపాటు చేశాను. ఎండలు ముదిరితే కాపరులు మందలను అనంతగిరి వైపు తోలుకుపోతారు, తొలకరి పడితే గానీ తిరిగి రారు. వెళ్ళే ముందు రోజు సాయంత్రం ఆయన మా గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పొద్దుగాల పోతున్నం పంతులమ్మా అన్నాడు. నేను అరుగు మీద పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను, తలెత్తకుండానే మంచిది, పోయి రండి అన్నాను. ఆయన ఇంకా నిలబడ్డాడు. కరియ ఆయన పక్కనే, కొయ్యతో. ఇంకేం కావాలీయనకు అని నాకు విసుగేసింది. ఆయన కాసేపు చూసి వెళ్ళిపోయాడు. ఒట్టు వేసినవాడు తనంతట తాను విప్పకూడదనీ, వేయించుకున్న మనిషి నోటితో వదిలేయాలనీ, ఆ మాట కోసమే ఆ మనిషి అంతసేపు నిలబడ్డాడనీ నాకు తట్టనే లేదు! ఇంటి లోపల ఉన్న మా అత్తగారికి తెలుసు. ఆవిడా నోరు మెదపలేదు.

మంద వెళ్ళిపోయింది. కొయ్య ఉన్న కుక్క పరుగెత్తలేదు, తోడేలు వస్తే కలబడలేదు, కనుక కరియను ఇంటి దగ్గర వదిలేసి వెళ్ళారు. మొదటి రోజంతా అది మంద పోయిన దారి వైపు ముఖం పెట్టి ఏడ్చింది. రెండో రోజు చప్పుడు లేదు. మూడో రోజు ఆ ఇల్లాలు జొన్నరవ్వతో గటక చేసి ముందు పెట్టినా వాసనైనా చూడలేదట, గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుని పడుకుందట. ఇంకా నాలుగు రోజులు ఇలాగే ఉంటే బతకదు అక్కా అని ఆ పిల్ల గోడ మీదుగా చెప్తుంటే, ఇంట్లోంచి వెక్కిళ్ళు వినిపించాయి. వెళ్ళి చూద్దును కదా, పొయ్యి ముందు పెనం మీద రొట్టె మాడిపోతోంది, మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు.

"దాని తప్పేం లేదు బిడ్డా. నేనే పిలిచిన. తొలి రొట్టె రోజూ దానికే ఏస్తుంటి. గోడ మీది బండలు గూడ నేనే దీసిన, దానికి ఎక్కనీకి అల్కగుంటదని. మీరిద్దరు పొద్దుగాలనే పోతిరి, ఇంట్ల మాట్లాడనీకి ఎవరున్నరు నాకు? అది కూసుండి ఇంటుండె."

మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదు అత్తమ్మా అన్నాను. నీ కోపానికి భయమయ్యి జెప్పలే అన్నారు ఆవిడ.

బొంరాస్‌పేటలో పదిమంది తిరిగే ఇంట్లోంచి ఆవిడను తీసుకొచ్చి, ఆ బండల ఇంట్లో పొద్దుగూకేదాకా ఒంటరిగా వదిలేసి, సాయంత్రం వచ్చి పేపర్లు దిద్దుకుంటూ కూర్చునేదాన్ని. ఆవిడకు దొరికిన ఒక్క తోడుకూ నేను కొయ్య కట్టించాను. పైగా నా ఇంట్లో నాకు భయపడి ఒక పెద్ద మనిషి నోరు మూసుకుంది. నేనింత గయ్యాళినా అని ఆ రోజు నిజంగా ఏడ్చాను.

వెంటనే గోడ దాటి వెళ్ళి కొయ్య విప్పేద్దామంటే ఆ ఇల్లాలు ఒప్పుకోలేదు. నువ్వు ఆయనతోనే జెప్పాలె అక్కా, ఆయన చేత్తోనే ఇప్పాలె, లేకుంటే మందకు మంచిది గాదు అంది. సరే, ఆయన దగ్గరికే తీసుకుపోతానన్నాను. మా ఆయన పాపం నా ముఖం చూసి మారుమాట్లాడకుండా, మర్నాడు పొద్దున్న కార్ఖానా నుంచి హైదరాబాదు వెళ్ళే బండల లారీలో మాకు చోటు మాట్లాడారు. బడికి సెలవు పెట్టాను. డ్రైవరు కరియను చూసి, ఇది కరుస్తదా పంతులమ్మా, జర సీదా జెప్పు అని ఒకటే పరేషాన్. కరిచే ఓపిక దానికెక్కడిది, నా కాళ్ళ దగ్గర గోనెపట్టా మీద కూలబడింది. లారీ గుంతల్లో ఎగిరిపడినప్పుడల్లా కట్టె దాని మోకాళ్ళకు కొట్టుకుంటుంటే చూడలేక, ఆ కొయ్యను పైకెత్తి నా ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. కరియ ఒకసారి తలెత్తి నన్ను చూసి, గడ్డం నా పాదం మీద ఆనించి పడుకుంది. నేను అన్న మాటలన్నీ విన్న కుక్క అది. దానికేం గుర్తులేదో, గుర్తుండీ వదిలేసిందో నాకు తెలియదు.

అనంతగిరి కింద లారీ దిగి, కరియ మెడతాడు పట్టుకుని, దారిన పోయేవాళ్ళను అడుగుతూ మైలు దూరం నడిచాను. కరియ నాలుగడుగులకోసారి కూర్చుంటోంది. అంతలో చెట్ల వెనక ఎక్కడో గొర్రెల మెడగంటలు మోగాయి. అంతే, ఆ చిరిగిన చెవి నిక్కబొడుచుకుంది. కొయ్య కాళ్ళకు తగులుతున్నా, పడుతూ లేస్తూ, కుయ్ కుయ్ మంటూ నన్ను ఈడ్చుకుపోయింది. ఆయన చేతికర్ర పట్టుకుని ఎదురొచ్చాడు. ముందురోజే తోడేలు ఒక గొర్రెపిల్లను ఎత్తుకుపోయిందని నాకు అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఆ సంగతి ఆయన నోటి నుంచి రాలేదు, పక్క మంద కాపరి చెప్పాడు. చేతులు జోడించి, విప్పెయ్యి అన్నా, తప్పు నాదే, మా ఇల్లు దానిదే అనుకో అన్నాను. ఆయన కూర్చుని ముడి విప్పుతూ, తల దించుకునే చెప్పాడు.

"గీ ఒక్క మాట కోసమే గద పంతులమ్మా ఆ రోజు గోడకాడ నిలవడ్డ."

కొయ్య ఊడిందో లేదో కరియ మంద చుట్టూ ఒక్క చుట్టు పరుగెత్తింది, తర్వాత వచ్చి ఆయన చేతిలోని గటక ముద్ద మొత్తం తినేసింది. నేను అక్కడే రాయి మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను.

ఇంటికి వెళ్ళగానే నేను చేసిన మొదటి పని, గోడ మీది ఆ రెండు బండలూ నా చేత్తోనే తీసి కింద పడేయడం. తొలకరిలో మంద తిరిగి వచ్చిన రోజున కరియ తన ఇంటికన్నా ముందు మా గోడ దూకింది. మా అత్తగారు అప్పటికే రొట్టె కాల్చి పెట్టుకుని కూర్చున్నారు, గంటల చప్పుడు ఆవిడకు వీధి మలుపులోనే వినపడిందట. ఆ తర్వాత పొద్దున్న పూట ఒక అరగంట నేనూ వాళ్ళిద్దరి దగ్గర కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. మేం తాండూరు వదిలి వచ్చేదాకా ఆ గోడ అలాగే ఉంది. అందులోంచి కుక్కే కాదు, మజ్జిగ చెంబు, కరివేపాకు, చంటిపిల్లలు, జ్వరం మందులు, తగువులు, అన్నీ అటూ ఇటూ వచ్చిపోయేవి.

ఇదంతా గుర్తొచ్చి మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. మా ఆయనకిప్పుడు చెవులు సరిగ్గా వినపడవు, నేను చెప్పేదానికి సగం ఊహించి తలూపుతారు. మెంతికూర మడికి నీళ్ళు పోస్తూ పోస్తూ ఆ కుక్కతో నేను రోజూ కబుర్లు చెప్తున్నానన్న సంగతి, అది కనబడకపోయేసరికి గానీ నాకు తెలిసిరాలేదు. నాలుగో రోజు తెల్లవారగానే జొన్నరొట్టె ఒకటి కాల్చి, వేడిగా గుడ్డలో చుట్టుకుని, వాళ్ళు వచ్చిన ఈ రెండేళ్ళలో మొదటిసారి పక్కింటి గేటు దగ్గరికి వెళ్ళాను. గొలుసు కమ్మీకి ఖాళీగా వేలాడుతోంది. గంట నొక్కాను. గంట పైన ఉన్న కెమెరా కన్ను నన్ను చూసింది గానీ తలుపు తెరుచుకోలేదు. వదిలేయమ్మా అని నోటితో చెప్పడానికి మనిషి కావాలి కదా, అక్కడే నిలబడ్డాను. ఆ రోజు గోడ దగ్గర ఆయన ఎంతసేపు నిలబడ్డాడో అంతసేపు నిలబడ్డాను. చివరికి చేతిలోని ఫోను మోగింది, పక్కింటి అమ్మాయి పంపిన సందేశం. సారీ ఆంటీ, నిన్ననే మా తమ్ముడు వాళ్ళ ఊరికి పంపించేశాం, ఇంక మీ ఇంటికి ఎప్పుడూ రాదు అని ఉంది.