ఎస్సై మేడం పోటీ బెల్టు

1998 ఎండాకాలం. మూసాపేటలో మెయిన్ రోడ్డు నుంచి రెండో గల్లీలో మా తోలు దుకాణం. ఆ రోజుల్లో మాదాపూర్ వైపు పొద్దస్తమానం సిమెంటు లారీలు పోతుండేవి. అక్కడ అద్దాల ఆఫీసులు లేస్తున్నాయని, కంప్యూటర్ కంపెనీలు వస్తున్నాయని అందరూ చెప్పుకునేవాళ్ళు. కంప్యూటర్లతో మాకు పనేం లేదు గానీ, లేచే ప్రతి బిల్డింగుకూ సెక్యూరిటీ గార్డులు కావాలి, ప్రతి గార్డుకూ బెల్టు కావాలి. ముప్పై రెండు, ముప్పై నాలుగు, ముప్పై ఆరు. ఈ మూడు సైజుల్లో డజన్ల కొద్దీ కోసి పడేసేవాణ్ణి. నడుమంటే నాకప్పుడు ఒక అంకె, అంతే.

ఒక మధ్యాహ్నం ఖాకీ ప్యాంటు షర్టులో ఒకావిడ స్కూటరు దిగి లోపలికొచ్చింది. వయసు ముప్పై ఐదు దాటి ఉంటుంది. భుజం మీద రెండు నక్షత్రాలు. పేపర్లో చుట్టి తెచ్చిన బెల్టు నా ముందు పెట్టింది.

"యాదగిరి గారంటే మీరేనాండి? నా పేరు వరలక్ష్మి. పిస్టల్ పోటీలకి వెళ్తుంటానండి. ఈ బెల్టు నన్ను ముంచేసింది."

మాట చూస్తే గోదావరి వైపు మనిషి. పోలీసు బెల్టులు నేను చాలా చేశాను గానీ, పోటీ బెల్టు అనే మాట వినడం అదే మొదలు. ఆవిడే ఓపిగ్గా చెప్పింది. డ్యూటీ బెల్టు బరువు మోస్తే చాలు. పోటీలో అలా కాదు. చేతులు పక్కన వేలాడేసి నిలబడాలి. విజిల్ పడగానే హోల్‌స్టర్‌లోంచి, అంటే పిస్టల్ పెట్టుకునే తోలు ఒరలోంచి, పిస్టల్ తీసి ఎదుట ఉన్న మనిషి ఆకారపు అట్టను కొట్టాలి. కొన్ని క్షణాల్లో ఆ అట్ట పక్కకు తిరిగిపోతుంది. పిస్టల్ తీసే ఆ పనిని డ్రా అంటారు. బెల్టు వదులుగా ఉంటే పిస్టల్‌తో పాటు హోల్‌స్టర్ కూడా పైకి లేస్తుంది. చేతి పట్టు తప్పుతుంది.

"కిందటేడు టీం సెలెక్షన్లో అదే అయ్యిందండి. నా గుండు తగిలేసరికి అట్ట తిరిగిపోయింది. ఆడవాళ్ళకి పిస్టల్ టీం ఎందుకన్నవాళ్ళంతా 'చూశారా' అన్నారు. వచ్చే ఏడు నాకు వేరే డ్యూటీకి బదిలీ. ఈసారి పోతే ఇంక లేదండి."

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం. గట్టిగ చేసిస్త," అన్నాను.

గట్టిగానే చేశాను. రెండు పొరల బర్రె తోలు, మధ్యలో నైలాన్ పట్టీ, అంచుల్లో నాలుగు వరుసల కుట్టు. బల్ల మీద నిలబెడితే నిలబడేలా ఉంది. వారం తర్వాత ఆవిడ దాన్ని పట్టుకుని మళ్ళీ వచ్చింది.

"హోల్‌స్టర్ లేవట్లేదండి. కానీ నాలుగడుగులు పరిగెత్తేసరికి మొత్తం ఎడమకి జారుతోంది."

నాకు రోషమొచ్చింది. "నా బెల్టుల తప్పు లేదు మేడం. మీరే సరిగ కట్టుకుంటలేరేమో."

లోపల బెల్టులకు రంధ్రాలు కొడుతున్న నా భార్య సత్తెమ్మ లేచి వచ్చింది. కొలత తీసుకునేటప్పుడు మేడం చెప్పిన అంకె రాసుకున్నానే తప్ప నేను టేపు పట్టలేదు. ఆడమనిషి నడుము నేనెలా కొలుస్తాను?

"అమ్మా, జర లోపటికి రండ్రి. నేను చూస్త," అని వెనక గదిలోకి తీసుకుపోయింది. చాలాసేపటికి సత్తెమ్మ ఒక్కతే బయటికొచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "ఏమయ్య, ఆమె ఎడమ తుంటి కిందికున్నది. బొటనవేలు మందం తేడా. బొక్క ఇరిగి అతికిందంట."

తర్వాత మేడమే చెప్పింది. మూడేళ్ళ కింద డ్యూటీలో జీపు బోల్తా పడింది. తుంటి ఎముక అతుక్కుంది గానీ ఎడమ కాలు కొంచెం పొట్టిదయ్యింది. నడిచేటప్పుడు ఎవరికీ తెలియనివ్వకుండా నడవడం నేర్చుకుంది. తెలిస్తే టీంలోంచే కాదు, కాల్పులు సాధన చేసే రేంజ్‌లోంచే పక్కన పెడతారని భయం.

"మీరిద్దరూ ఎవరికీ చెప్పకండి," అంది. అడగడం అడిగింది గానీ కళ్ళు మాత్రం దించలేదు.

నేనన్న మాటకు నాకే సిగ్గేసింది. సాపుగా కోసిన పట్టీ వంకరగా అతికిన ఎముక మీద ఎలా నిలుస్తుంది?

విదేశాల్లో పోటీ షూటర్లు ఒకదాని మీద ఒకటి రెండు బెల్టులు కడతారని ఆవిడ ఎక్కడో బొమ్మలో చూసిందట. కాగితం మీద గీసి చూపించింది. లోపలి బెల్టు పల్చగా ఉంటుంది, ప్యాంటు లూపుల్లోంచి పోతుంది. దాని బయటివైపు వెల్క్రో, అంటే చిన్నపిల్లల బూట్లకు ఉండే, చర్రుమని ఊడే పట్టీ. బయటి బెల్టు దళసరిగా ఉంటుంది, లోపలివైపు వెల్క్రో. రెండూ కరుచుకుంటే ఇక కదలవు. సత్తెమ్మ మేడాన్ని బూట్లతోనే నిలబెట్టి, నడుము చుట్టూ పాత పేపరు చుట్టి, ఎముక ఉన్నచోట గుర్తు పెట్టి ఒక నమూనా తయారుచేసింది. నేల మీద పరిచి చూస్తే అది పట్టీలా లేదు, వంగిన కొడవలిలా ఉంది. అట్లాగే కోశాను. అలాంటి బెల్టు నా జన్మలో కోయలేదు.

కట్టుకునే పద్ధతి కూడా ముగ్గురం కలిసి కనిపెట్టాం. ముందు లోపలిది తుంటి ఎముకల మీదికి దించాలి. ఊపిరి పూర్తిగా వదిలి బిగించాలి. పీల్చి బిగిస్తే మాట్లాడేసరికే వదులవుతుంది. బయటిదాన్ని ముందు నుంచి కాదు, వీపు మధ్యలో మొదట అదిమి, రెండు అరచేతులతో ఇటూ అటూ ఒత్తుకుంటూ ముందుకు రావాలి. బకిల్ పెట్టాక ఒకసారి కూర్చుని లేవాలి. అప్పుడు హోల్‌స్టర్ చోటు చూడాలి. దాన్ని బెల్టుకు రెండు స్క్రూలతో బిగించాను, ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా జరపడానికి.

ఆ సర్దుబాటుకు మమ్మల్నిద్దరినీ రేంజ్‌కు రమ్మంది. గచ్చిబౌలి దాటాక రాళ్ళ గుట్టల మధ్య ఉంది ఆ రేంజ్. పోలీసులకు కవాతు, గురి నేర్పే మనిషిని ఉస్తాద్ అంటారు. తెల్ల మీసాల ఉస్తాద్ ఒకాయన మా కోసం పర్మిషన్ తీసుకున్నాడు. పిస్టల్ ఖాళీ చేయించి, తనే రెండుసార్లు చూసి ఆవిడకిచ్చాడు.

మేడం అట్టకెదురుగా నిలబడి కళ్ళు మూసుకుంది. చేతులు వేలాడేసింది. ఉస్తాద్ విజిల్ ఊదాడు. చెయ్యి కదలడం నేను చూశానో లేదో, పిస్టల్ ముఖం ముందు నిలబడి ఉంది. అప్పుడు కళ్ళు తెరిచింది.

"వేలెడు కుడికి పోయిందండి. హోల్‌స్టర్ కొంచెం వెనక్కి."

జరిపాను. మళ్ళీ కళ్ళు మూసుకుని తీసింది. "ఇంకొంచెం." జరిపాను. ఐదోసారి కళ్ళు తెరిచినప్పుడు పిస్టల్ మొన అట్ట గుండె మీద ఉంది. పది సార్లు తీసింది, పది సార్లూ అక్కడే. ఉస్తాద్ నా చెవిలో, "దేఖా? కళ్ళు చూసేది తర్వాత. ముందు ఒళ్ళు చూస్తది," అన్నాడు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఒక తుంటరి పని చేశాను. స్క్రూ బిగిస్తున్నట్టు నటించి హోల్‌స్టర్‌ను కుట్టుదారం మందమంత ముందుకు జరిపాను. ఆవిడ తీసింది. కళ్ళు తెరవకముందే అడిగింది.

"ముందుకి జరిపారా?"

"లేదు మేడం."

"జరిపారండి," అంది నవ్వుతూ, కళ్ళు మూసుకునే.

నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. దారం మందాన్ని వేలి కొసతో పోల్చుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఆవిడ దాన్ని నడుముతో పోల్చింది. విరిగి అతికిన నడుముతో. హోల్‌స్టర్ సరైన చోటుకు జరిపి, సుద్దతో గుర్తు గీసి, ఆ గీత మీద సూదితో చిన్న గాటు కూడా పెట్టాను.

సెలెక్షన్ రోజు పొద్దున మేమిద్దరం ఏడింటికే రేంజ్‌లో ఉన్నాం. నా పనిముట్ల సంచీ కూడా తెచ్చుకున్నాను. పక్కనున్న టెంటులో సత్తెమ్మ దగ్గరుండి బెల్టు కట్టించింది. మేడం బయటికొచ్చి ఖాళీ పిస్టల్‌తో రెండుసార్లు డ్రా చేసింది. ముఖం పాలిపోయింది.

"యాదగిరి గారూ, సరిగ్గా లేదండి."

వంగి చూశాను. హోల్‌స్టర్ గాటు మీదే ఉంది. వెల్క్రో కరుచుకునే ఉంది. "గీత మీదనే ఉన్నది మేడం. గాబరాల మీకట్ల అనిపిస్తుంది."

"లేదండి. ఎక్కడో తేడా ఉంది. ఎక్కడో చెప్పలేకపోతున్నాను."

లైను మీదికి ఆవిడ వంతు రావడానికి ముగ్గురే ఉన్నారు. నా గీత తప్పా, ఆవిడ ఒళ్ళు తప్పా? నేను పెట్టిన గాటు నా కళ్ళ ముందుంది. అయినా దారం మందాన్ని పట్టుకున్న మనిషిని కాదనడానికి నాకు నోరు రాలేదు. స్క్రూ విప్పబోయాను.

"ఆగయ్య," అంది సత్తెమ్మ. ఆమె చూపు కింద ఉంది. "అమ్మా, బూట్లు కొత్తవా?"

"నిన్ననే ఇచ్చారక్కా. అందరూ ఇవే వేసుకోవాలన్నారు."

"మీ పాత బూటు కుడి మడిమె అరిగి ఉండె. నేను కొలిచినప్పుడు చూసిన."

మూడేళ్ళుగా ఆవిడ బరువంతా కుడి కాలి మీద మోపి నడిచింది. కుడి మడమ అరిగి అరిగి, కాళ్ళ తేడాను కొంత సర్దేసింది. ఆ సంగతి ఆవిడకూ తెలియదు. ఇప్పుడు కొత్త బూట్లు రెండూ సమానం. అందుకే నడుము మళ్ళీ ఎడమకు వాలింది. పాత బూట్లు ఇంట్లో ఉన్నాయి, తెచ్చే టైము లేదు.

నా సంచీలో కత్తీ సూదులూ ఉన్నాయి గానీ తోలు ముక్క లేదు. సంచీ మూతే తోలు. దాన్నే మడిచి కోశాను. మేడం ఎడమ బూటు విప్పింది. సత్తెమ్మ దాని మడమ కొలత వేళ్ళతో పట్టి చూపించింది. కోసిన ముక్క లోపల పెట్టి నొక్కాను. మేడం బూటు తొడుక్కుని, ఊపిరి వదిలి, బెల్టు మళ్ళీ వీపు మధ్య నుంచి ఒత్తుకుని కట్టింది. కళ్ళు మూసుకుని తీసింది.

"ఇప్పుడుందండి," అంది.

నేను వెనక తాడు దగ్గర నిలబడి చూశాను. విజిల్ పడింది, చెయ్యి పోయింది, గుండు పేలింది, ఆ తర్వాతే అట్ట తిరిగింది. ఆరు సార్లు అదే. మోకాలి మీద కూర్చుని ఒకటి, పది గజాలు పరిగెత్తి ఒకటి. నా కళ్ళు అట్ట మీద లేవు, బెల్టు మీదే ఉన్నాయి. అది గోడకు కొట్టిన మేకులా ఉంది. కదిలిందంటే ఆవిడతోనే కదిలింది.

మధ్యాహ్నం పేర్లు చదివారు. టీంలో నలుగురు. నాలుగో పేరు ఆవిడది. ఉస్తాద్ నా వీపు మీద చరిచిన దెబ్బ రెండు రోజులు నొప్పి పెట్టింది.

బెల్టు విప్పడానికి మేడం, సత్తెమ్మ టెంటులోకి వెళ్ళారు. సత్తెమ్మ బయటికొచ్చినప్పుడు కళ్ళు తుడుచుకుంటోంది. సంతోషమనుకున్నాను.

"ఎడమ తుంటి మీద తోలంతా లేచిపోయిందయ్య. నెత్తురు గడ్డ కట్టింది. ఇయ్యాలటిది కాదు, పదిహేను రోజులది. మనం బిగించినప్పుడల్లా ఓర్చుకున్నది."

మేడం బయటికి రాగానే అడిగాను. "ఎందుకు చెప్పలే మేడం? లోపట మెత్తటి గుడ్డ వేసేటోణ్ణి గద."

"అందుకే చెప్పలేదండి. మెత్తగా ఉంటే కదులుతుంది."

ఆవిడ చాలా మామూలుగా అంది, టీ తాగుతారా అని అడిగినట్టు. నేను మాత్రం రెండు చేతులూ జోడించాను. పక్కన సత్తెమ్మ కూడా దండం పెట్టింది. ఆవిడ కంగారుపడి, "అయ్యో, పెద్దవాళ్ళు, అలా పెట్టకూడదండి," అని మా చేతులు పట్టుకుని దించింది.

ఆ బెల్టుతో నాకు రెండు సంగతులు తెలిశాయి. నడుముకు కట్టే బెల్టు కొలత పాదాల దగ్గర మొదలవుతుంది. రెండోది, నా గీత ఎంత సరిగ్గా ఉన్నా, కట్టుకున్న మనిషి తేడా ఉందంటే తేడా ఉన్నట్టే. అప్పటి నుంచి ఎవరొచ్చినా వెంటనే టేపు తీయను. నడిపిస్తాను, కూర్చోబెట్టి లేపుతాను, చెప్పులు తిరగేసి మడమలు చూస్తాను. చివర్లో, "ఎక్కడన్న నొస్తదా?" అని అడుగుతాను. చాలామంది ఏం లేదంటారు. అప్పుడు లోపలున్న సత్తెమ్మను పిలుస్తాను.