నేను పూడ్చిన మగ్గం గుంత

ధర్మవరంలో మా వీధిలో ఆ రోజుల్లో ఇల్లంటే ఒక మగ్గం, దాని చుట్టూ మిగిలిన కాస్త చోటు. వంట, పడక, చంటిపిల్ల ఉయ్యాల అన్నీ ఆ మిగిలిన చోట్లోనే. మగ్గం ముందు నేలలో మోకాలికి కాస్త మించిన లోతున ఒక గుంత ఉంటుంది. నేసే మనిషి దాని అంచున నేల మీదే కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేసుకుంటాడు. గుంత అడుగున చెక్కలుంటాయి. వాటిని ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటే పైన పడుగు దారాలు విడివడి, అడ్డదారం మోసుకుపోయే నాడెకు దారి ఇస్తాయి. చీర చూసినవాళ్లు నేసినవాడి చేతుల్ని మెచ్చుకుంటారు. కాళ్ల సంగతి ఎవరూ తలచుకోరు. నేనూ తలచుకోలేదు.

మా మేనమామకు కొడుకుల్లేరు. ఉన్న ఒక్క కూతుర్ని నాకిచ్చి నన్ను ఇల్లరికం తెచ్చుకున్నాడు. మా నాయన ఎప్పుడో మగ్గం వదిలేసి కళ్యాణదుర్గం దిక్కు మెట్టపొలంలో వేరుశనగ వేసుకునేవాడు. అందువల్ల నాకు నేత పని సరిగ్గా పట్టుబడలేదు. మామ కొన్నాళ్లు నేర్పించి, నా చేతిలో పోగులు తెగడం చూసి, "నీకు పట్టు వద్దప్పా, పట్టు అమ్మే పని చూసుకో" అన్నాడు. బజారులో ఒక చీరల కొట్లో చేరాను. తెల్ల చొక్కా వేసుకోవడం, బెంగుళూరు బేరగాళ్లతో మాట్లాడడం అక్కడే అలవాటయింది. ఆ చొక్కాతో పాటే కాస్త గర్వం కూడా వచ్చింది.

డెబ్భైల చివరికి మామ కళ్లకు పొర కమ్మింది. జరీ ఏదో పట్టు ఏదో తెలియకుండా పోయింది. ఆఖరి చీర కోసి ఇచ్చేశాక మగ్గం మీద మళ్లీ పడుగు ఎక్కలేదు. కానీ ఆయన గుంత వదల్లేదు. పొద్దున్నే ముఖం కడుక్కుని, కుడికాలి బొటనవేలితో నేల రాసుకుంటూ వెళ్లి, అంచు తగలగానే కూర్చుని కాళ్లు దింపేవాడు. ఊరికే చెక్కలు తొక్కుతూ ఉండేవాడు. టకటకమని చప్పుడు. నా భార్య ఆ చప్పుడు వింటూ వంట చేసేది. ఆగితే అక్కడినుంచే "నాయనా?" అని పిలిచేది.

అన్నం అక్కడే తినేవాడు. పళ్లెం ఆయన ముందు నేల మీదే ఉండేది. మనవరాలు ఆయన తొడ పక్కనే బొంత మీద పడుకునేది. నా భార్య ఎదురుగా కూర్చుని వంకాయలు తరుగుతుంటే తండ్రీ కూతుళ్ల ముఖాలు ఒకే ఎత్తులో ఉండేవి. మా నాయన అదే వయసుకు మడిచిన మోకాళ్లు చాచలేక, చాచినవి మడవలేక మూలుగుతుండేవాడు. మామ వీపు మాత్రం నిటారుగా ఉండేది. అది ఆయన పుట్టుక గుణం అనుకునేవాణ్ణి.

ఎనభైలు మొదలైన కొత్తల్లో మా బావ ఒకాయన బెంగుళూరు నుంచి మా ఇంటికి వచ్చాడు. మిల్లులో పని, చేతికి గడియారం. గుమ్మంలో నిలబడి మామను చూసి నాతో అన్నాడు:

"ఏమప్పా, ముసలాయన్ని బతికుండంగానే గుంతలో పెట్టినావే!"

అందరూ నవ్వారు. మామ అందరికంటే గట్టిగా నవ్వాడు. "నేను మీసం రాకముందే దీంట్లో దిగినా. ఇంగ నన్ను పూడ్చేకి మీకు శ్రమ ల్యా" అన్నాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. మా వాళ్లలో చనిపోయినవాళ్లను పూడ్చిపెడతారు. గుంత అనే మాట అప్పటిదాకా నాకు మగ్గం మాట. ఆ రోజునుంచి అది శ్మశానం మాట అయింది. ఎవరింటికి పోయినా, "మామ ఎట్లుండాడు?" అని అడిగితే, గుంతలో ఉన్నాడని వాళ్లు మనసులో నవ్వుకుంటున్నారేమో అనిపించేది.

హిందూపురంలో ఒక పెళ్లికి మామ, నా భార్య, పిల్ల వెళ్లారు. కొట్లో పని ఉందని నేను ఆగిపోయాను. వాళ్లు వచ్చేలోగా మగ్గం విప్పించి ఆ కట్టెలు మంచాలు చేసే వడ్లాయనకు ఇచ్చేశాను. గుంత మట్టితో నింపించి, దిమ్మిస కొట్టించి, ఇంటి నేలంతా తాడిపత్రి బండలు పరిపించాను. నీళ్లు చల్లితే నల్లగా మెరిసే బండలు. గుంత ఉన్నచోట సరిగ్గా ఒక కుర్చీ వేశాను. నైలాను వైరుతో అల్లిన కొత్త కుర్చీ. మామను రాజులా కూర్చోబెట్టానని వీధి అనుకోవాలని నా ఆశ. ఆయన్ని ఒక్క మాట అడగాలని తోచలేదు. అడిగితే వద్దంటాడని లోపల ఎక్కడో తెలుసు కాబోలు.

వాళ్లు వచ్చారు. మామ గడప దాటి అడుగు పెట్టి ఆగిపోయాడు.

"ఏమిది, ఆస్పత్రి మాదిరి జారతాండాదే?"

"బండలు పరిపించినా మామా."

ఆయన బొటనవేలితో నేల రాసుకుంటూ ముందుకు నడిచాడు. అంచు తగలాల్సినచోట తగల్లేదు. ఇంకో అడుగు వేశాడు. పాదం అటూ ఇటూ తిప్పి వెతికాడు. నా భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చివరికి ఆయన కాలికి కుర్చీ కోడు తగిలింది. చేత్తో తడిమి చూశాడు. నేను భుజాలు పట్టి కూర్చోబెట్టాను.

"బాగుండాది" అన్నాడు.

పక్కింటి అవ్వ మా వీధిలో అందరికీ పట్టుదారం కండెలకు చుట్టిపెట్టేది. మామను అన్నా అని పిలిచేది. ఆమె తొంగిచూసి, "ఏమన్నా, టాకీసులో మాదిరి కుర్చీలో కూర్చున్నావే! టికెట్టు ఎవురు తీసినారు?" అంది.

"అల్లుడు తీసినాడు. బొమ్మే ఇంగా పడలేదు" అన్నాడు మామ.

ఆ మాటకు నేను కూడా నవ్వాను. నన్ను మెచ్చుకున్నాడనే అనుకున్నాను.

ఆ తర్వాత జరిగింది ఒక్కసారిగా జరగలేదు. పళ్లెం ఒడిలో పెట్టుకుంటే ఒలికిపోయేది. ఒక ఎత్తు పీట చేయించి ముందు పెట్టాను. మేం కింద కూర్చుని తింటుంటే ఆయన పైన ఒక్కడే తినేవాడు. కింద మేం అనుకునే మాటలు ఆయనకు సగం వినపడేవి కావు. "ఏమంటిరి?" అని రెండుసార్లు అడిగి, మూడోసారి అడగడం మానేశాడు. పిల్లను ఎత్తుకోవాలంటే వంగాలి, వంగితే పడతానని భయం. చాలా పొట్టి మనిషి. కుర్చీ అంచు తొడల కింద ఒత్తుకుని పాదాలు వాచేవి. బండల మీద నడవడానికి జంకేవాడు. మోకాళ్లు బిగుసుకున్నాయి. ఉగాది వచ్చేసరికి ఎవరైనా లేపితేనే లేవగలిగే స్థితికి వచ్చాడు. తర్వాత అదీ పోయింది.

డాక్టరు మోకాళ్లు నొక్కి, వంచబోతే వంగకపోయేసరికి, వయసు అన్నాడు. నాకు ఆ మాట ఎంత ఊరటనిచ్చిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. అడిగినవాళ్లందరికీ అదే చెప్పాను. వయసప్పా, ఏం చేస్తాం. నా భార్య ఒకసారి, "గుంత ఉన్నెప్పుడు వయసు యాడికి పోయిండె?" అని అడిగింది. నేను విననట్టు చొక్కా తొడుక్కున్నాను.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం కొట్టు యజమాని బంధువులెవరో చనిపోతే కొట్టు మూసేశారు. ఇంటికి వచ్చాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఎవరూ లేరు. మామ లేడు, కుర్చీ కూడా లేదు. నిలబడలేని మనిషి కుర్చీతో సహా ఎక్కడికి పోతాడు? అంతలో పక్కింట్లోంచి నవ్వు వినిపించింది. చాలా నెలలుగా వినని నవ్వు కావడంతో ఎవరిదో వెంటనే పోల్చుకోలేకపోయాను.

వెళ్లి గడపలో నిలబడ్డాను. బయటి వెలుగులోంచి వచ్చిన కళ్లకు మొదట ఏమీ కనపడలేదు. గోడ పక్కన మా కుర్చీ మీద అవ్వ కండెల బుట్ట ఉంది. మెల్లగా మగ్గం కనిపించింది. దాని మీద సగం నేసిన చీర. గుంత అంచున మామ కూర్చుని ఉన్నాడు. ముందు నేల మీద పళ్లెం, పళ్లెంలో రాగిసంగటి. ఎదురుగా నా భార్య, పక్కన అవ్వ, ఇటు అవ్వ కొడుకు. నా కూతురు ఆయన తొడ మీద చెయ్యి వేసి, ఆయన ముద్దలోంచి తుంచుకుని తింటోంది. అందరి ముఖాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. మామ వీపు నిటారుగా ఉంది. కింద నీడలో ఆయన కాళ్లు కదులుతున్నాయి. డాక్టరు చేత్తో వంచలేకపోయిన మోకాళ్లు. చెక్కలు మెల్లగా, ఆగి ఆగి కిందికి పోతున్నాయి, పైకి వస్తున్నాయి.

"ఉత్తగ తొక్కన్నా, నాడె మాత్రం ముట్టొద్దు. నా కొడుకు చీర పాడైతే నీ అల్లుని కొట్టేకి నేనే పోవల్ల" అంటోంది అవ్వ.

ఏదో అద్భుతం నా కళ్లముందు జరుగుతున్నట్టు అనిపించింది. బయట వీధిలో కాలు పెట్టలేనంత ఎండ. ఆ గుంతలోంచి మాత్రం తడి కుండ దగ్గరిలాంటి చల్లదనం వస్తోంది. పాదాల్ని నేల తన లోపలికి తీసుకుని దాచుకుంది. మోకాలు మడవలేని మనిషిని కూడా ఆ గుంత అందరితో పాటు నేల మీద కూర్చోబెడుతుంది. తినిపిస్తుంది, మాట్లాడిస్తుంది, పిల్లను ఆడించనిస్తుంది, తెలియకుండానే కాళ్లకు పని చెబుతుంది. మా వీధి ముసలివాళ్లంతా నా కళ్ల ముందు మెదిలారు. కళ్లు పోయినా, పళ్లు పోయినా అంచున కూర్చుని ఇంటి మధ్యలో ఉండేవాళ్లు. కరువు ఏళ్లలో సంగటి కూడా సరిగ్గా దొరకని వాళ్లు. వాళ్లను నిలబెట్టింది ఏమిటని నేనెప్పుడూ అనుకోలేదు. అది వాళ్ల కాళ్ల కిందే ఉంది. నేను దాన్ని మట్టితో నింపి, దిమ్మిస కొట్టించి, దాని మీద బండ వేశాను.

నా భార్య నన్ను చూసింది. ముద్ద చేతిలోనే ఆగింది.

"ఈయన మగ్గం మీదనుంచి తిననీకె లేస్తాడే, ఆ పొద్దు నాయనను కుర్చీతోనే ఎత్తుకోనొస్తాండాం" అంది, అవ్వ కొడుకును చూపిస్తూ. "నీకు చెప్తే ఏమంటావో అని."

"ఎవురు, అల్లుడా?" అన్నాడు మామ. "రా, కూర్చో. కుర్చీ ఖాళీగానే ఉండాది."

అందరూ నవ్వారు. నేను కింద కూర్చున్నాను.

మర్నాడు కొట్టుకు పోలేదు. బండలు లేపించాను. వచ్చిన కూలాయన, "ఎంత లోతు తీయల్ల?" అని అడిగాడు. పాత గుంత కొలత ఎవరికీ తెలియదు. తెలిసినా పనికిరాదు. అది మామ పడుచువాడుగా ఉన్నప్పటి కాళ్లకు తవ్వింది. ఇప్పుడు ఆ కాళ్లు అంత కిందికి అందవు. దారం ఒకటి తీసుకుని మామ ఉన్న మంచం దగ్గర కూర్చున్నాను. మోకాలి మడత దగ్గర ఒక కొస పట్టి, కిందికి పిక్క మీదుగా మడమదాకా తెచ్చాను. ఆయన కాళ్లను నేను అంతవరకూ ముట్టుకోలేదు. పాదాలు చంటిపిల్ల పాదాల్లా మెత్తగా ఉన్నాయి. మడమ పక్కన, చెక్క తగిలే చోట మాత్రం చర్మం కొమ్ములా గట్టిగా ఉంది.

మామ అడిగాడు: "ఏమప్పా, కాళ్లు పట్టుకుంటాండావా, కొలత తీస్తాండావా?"

తప్పయిందని చెప్పాల్సింది అప్పుడే. కూలాయన చూస్తున్నాడు. తలుపు దగ్గర నా భార్య ఉంది.

"కొలతే మామా" అన్నాను.

"అయితే కొంచిం తక్కువ తవ్వించు. నేను పొట్టైపోయినా."

ఆ సాయంత్రానికి గుంత తయారైంది. మగ్గం తిరిగి రాదు, వడ్లాయన ఆ కట్టెలతో ఎవరికో మంచాలు చేసేశాడు. అవ్వ కొడుకు పాత చెక్కలు రెండు తెచ్చి దూలానికి తాళ్లు కట్టి వేలాడదీశాడు. అవి తొక్కితే పైన ఏదీ లేవదు, ఏ దారమూ విడివడదు. మామను నేనూ అవ్వ కొడుకూ పట్టి అంచున కూర్చోబెట్టాం. ఎడమకాలు నేరుగా దిగింది. కుడికాలు సగం దాకా వచ్చి ఆగింది. ఆయనే చేత్తో మోకాలు పట్టుకుని కిందికి నెట్టుకున్నాడు.

అవ్వ చూసి, "మగ్గం ల్యా, పడుగు ల్యా. ఏం నేస్తాండావన్నా?" అంది.

"కాళ్లు నేస్తాండా" అన్నాడు.

తర్వాత ఆయన చాలా ఏళ్లు బతికాడు. దూలానికి కట్టిన తాడు పట్టుకుని తనే లేచేవాడు, గోడ పట్టుకుని వాకిలి దాకా వెళ్లేవాడు. అన్నం మళ్లీ అందరితో కలిసి తిన్నాడు. నా కూతురు ఆయన తొడ పక్కన కూర్చునే అక్షరాలు దిద్దింది. కుడికాలు మాత్రం మళ్లీ ఎడమకాలితో సమానం కాలేదు. ఎడమ చెక్క టక్కున పడేది. కుడిది కాస్త ఆగి, మెత్తగా పడేది. పోయిన కాలు నావల్ల పోయిందని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. నేనూ ఆయనకు చెప్పలేదు. చెప్పడానికి రోజూ సందు ఉండేది. రోజూ ఆ రెండు చప్పుళ్లూ వింటూ అన్నం తిని కొట్టుకు పోయేవాణ్ణి.

ఆయన పోయాక చెక్కలు విప్పాను. ఎడమది మడమ పడే చోట గుంటపడి అరిగిపోయి ఉంది. కుడిది అవ్వ కొడుకు తెచ్చిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.